మూత్రంలో మంట: "వేడి చేసింది" అని ఊరుకోవచ్చునా?

ఎండలు ముదిరిన రోజుల్లో మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. మూత్రానికి వెళ్ళినప్పుడు మంటగా ఉన్నదని ఇంట్లో ఎవరైనా మెల్లగా చెప్పగానే, పెద్దవారు తడుముకోకుండా "వేడి చేసిందిలే, నాలుగు గ్లాసులు మజ్జిగ తాగు" అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. నీరు తక్కువై మూత్రం చిక్కబడినప్పుడు కొందరికి మంట కలుగుతుంది, చలువ చేసే పానీయాలతో అది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అయితే అదే మంట మూత్రాశయంలో చేరిన సూక్ష్మజీవుల వలన కావచ్చు, రాయి వలన కావచ్చు, అదుపు తప్పిన మధుమేహం వలన కూడా కావచ్చు. అన్నింటికీ "వేడి" అనే ఒకే పేరు పెట్టడం వలన అసలు వ్యాధి ఆ పేరు చాటున దాగిపోతుంది.

ఈ సంగతిని నేను గ్రంథాలలో చదివినప్పటికంటే నా సొంత ఇంట్లో ఎక్కువగా నేర్చుకున్నాను. ఆ అనుభవంతోనే ఈ వ్యాసం ఆరంభిస్తాను.

మా అక్కయ్య కథ

కొన్నేళ్ళ క్రితం రోహిణి కార్తెలో మా ఇంట ఒక వివాహం జరిగింది. మా పెద్దక్కయ్య రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చింది. దారిలో మూత్రవిసర్జనకు తగిన చోటు దొరకదని ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానివేసింది. అప్పటికి ఆమెకు 58 ఏళ్ళు. పదేళ్ళుగా మధుమేహం ఉంది. పెళ్ళి పనుల మధ్య నన్ను పక్కకు పిలిచి, "వేడి చేసిందిరా తమ్ముడూ, ఏదైనా చలవ మందు చెప్పు" అన్నది.

నేను వైద్యుడిని. ఆ మాట మరొక రోగి చెప్పి ఉంటే పది ప్రశ్నలు అడిగేవాడిని. కాని చెప్పినది అక్కయ్య. తల్లి తరువాత తల్లి వంటిది. ఆమెను అటువంటి విషయాలు విడమరచి అడగడానికి నాకు సంకోచం కలిగింది. విడమరచి చెప్పడానికి ఆమెకూ సంకోచమే. బార్లీ నీరు, ధనియాల నీరు తాగమని చెప్పి నా పనిలో నేను పడ్డాను. రెండు రోజులు ఆమె అవి తాగింది. మంట కొంచెం తగ్గినట్లే అనిపించిందట. మూడవ నాటి రాత్రి పళ్ళు టకటక కొట్టుకునేటంత చలి, ఆపైన తీవ్రమైన జ్వరం, నడుముకు కుడి వైపున నొప్పి, వాంతులు వచ్చాయి. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళేసరికి రక్తంలో చక్కెర 340 దాటి ఉంది. ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం నుంచి మూత్రపిండానికి పాకిందని చెప్పారు. ఏడు రోజులు సూదిమందులు ఇచ్చిన తరువాత ఆమె కోలుకున్నది.

బార్లీ నీరు ఆమెకు ఏ కీడూ చేయలేదు. కీడు చేసినది నేను అడగకుండా వదిలివేసిన ప్రశ్నలు. ఎన్ని రోజుల నుంచి ఉన్నది? జ్వరం గాని, నడుము నొప్పి గాని ఉన్నదా? చక్కెర ఎంత ఉన్నది? ఈ మూడు అడిగి ఉంటే మొదటి రోజే మూత్రపరీక్ష చేయించి ఉండేవాడిని.

శాస్త్రం ఏమంటున్నది?

మూత్రం కష్టంగా, బాధతో రావడాన్ని ఆయుర్వేదం మూత్రకృచ్ఛ్రం అంటుంది. కృచ్ఛ్రం అంటే కష్టం. చరక సంహిత చికిత్సాస్థానంలో త్రిమర్మీయ చికిత్సాధ్యాయం ఉంది. హృదయం, శిరస్సు, వస్తి అనే మూడు ప్రధాన మర్మాలకు వచ్చే వ్యాధులను అందులో వివరించారు. వస్తి అంటే మూత్రాశయం. గుండెతో, తలతో సమానంగా మూత్రాశయాన్ని ప్రాణస్థానంగా లెక్కించడం గమనించదగినది.

ఆ అధ్యాయంలో మూత్రకృచ్ఛ్రాన్ని ఎనిమిది విధాలుగా విభజించారు. వాత, పిత్త, కఫ దోషాల వలన కలిగేవి మూడు. మూడు దోషాలూ కలిసి కలిగించేది ఒకటి. రాయి వలన, ఇసుక వంటి శర్కర వలన, శుక్రదోషం వలన, రక్తం వలన కలిగేవి తక్కిన నాలుగు. వాతం ప్రధానమైతే పొత్తికడుపులోను, గజ్జలలోను నొప్పి ఉండి మూత్రం కొద్దికొద్దిగా మాటిమాటికి వస్తుంది. పిత్తం ప్రధానమైతే పసుపు పచ్చగా గాని, రక్తంతో గాని, మంటతో వస్తుంది. కఫం ప్రధానమైతే పొత్తికడుపు బరువెక్కి మూత్రం జిగటగా ఉంటుంది.

అంటే మనం "వేడి" అని పిలిచేది ఈ ఎనిమిదింటిలో ఒక్క పిత్త లక్షణానికి మాత్రమే సరిపోతుంది. తక్కిన ఏడింటిని చలువ పానీయాలతో సరిపెట్టమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

మరొక భేదం కూడా పూర్వులు చెప్పారు. బాధ ప్రధానంగా ఉంటే మూత్రకృచ్ఛ్రం. మూత్రం బిగించి రాకపోవడం ప్రధానంగా ఉంటే మూత్రాఘాతం. రెండవది మరింత ప్రమాదకరం. మూత్రవేగాన్ని ఆపుకోవడం వలన వస్తిలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయని చరకుడు సూత్రస్థానంలో హెచ్చరించాడు. మా అక్కయ్య బస్సులో చేసిన పని అదే.

మంట ఎందుకు కలుగుతుంది?

మూత్రమార్గంలో సూక్ష్మజీవుల ఇన్‌ఫెక్షన్ అన్నింటికంటె సాధారణమైన కారణం. పెద్ద ప్రేగులో సహజంగా నివసించే ఈ-కోలై అనే బాక్టీరియా మలద్వారం నుంచి మూత్రద్వారానికి చేరి పైకి పాకడం వలన ఇది ఎక్కువగా వస్తుంది. స్త్రీలలో మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లు మాత్రమే. పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. దారి చిన్నది కావడం వలననే స్త్రీలకు ఈ బాధ ఎక్కువ. స్త్రీలలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. మంటతో పాటు మాటిమాటికి వెళ్ళాలనిపించడం, వెళ్ళితే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మసకగా, దుర్వాసనతో ఉండడం దీని లక్షణాలు.

రాయి రెండవ కారణం. నడుము పక్క నుంచి గజ్జల వైపు దిగే తీవ్రమైన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం రాయిని సూచిస్తాయి. రాయి మూత్రాశయం దగ్గరకు దిగినప్పుడు మంట, తొందర కలుగుతాయి. రాయికి జ్వరం కూడా తోడైతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు.

యాభై దాటిన పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వలన మూత్రం ధార సన్నబడుతుంది. పూర్తిగా ఖాళీ కాక కొంత నిలిచిపోతుంది. నిలిచిన నీటిలో నాచు పట్టినట్లే, నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

యోనిలో వచ్చే శిలీంధ్ర వ్యాధి వలన కూడా మంట ఉంటుంది. దురద, పెరుగు విరిగినట్లు తెల్లని స్రావం దీని గుర్తులు. మధుమేహం అదుపులో లేనివారికి ఇది తరచుగా వస్తుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త తరహా చక్కెర మందులు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపిస్తాయి. కనుక వాటిని వాడేవారిలో ఈ బాధకు కొంత అవకాశం ఎక్కువ. అంతమాత్రాన మందు తమంతట తాము మానరాదు, వ్రాసిన వైద్యునికి చెప్పాలి.

ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి ఆ ప్రాంతపు చర్మం పలుచబడుతుంది. ఈ కారణంగా మంట, ఇన్‌ఫెక్షన్లు మాటిమాటికి వస్తాయి. "ఈ వయసులో ఇంతేలే" అని సహించవలసిన పని లేదు, దీనికి పైపూతగా వాడే మంచి చికిత్స ఉంది.

లైంగిక సంపర్కం వలన సంక్రమించే వ్యాధులను కూడా మరువరాదు. గనేరియా వ్యాధిని మన పూర్వులు సెగ అన్నారు. సెగ అన్నా వేడి అన్నా ఒకటే. ఎన్నో ఇళ్ళలో ఈ వ్యాధి కూడా "వేడి" అనే పేరుతోనే మరుగునపడి, భర్త నుంచి భార్యకు సంక్రమించి, సంతానలేమికి దారితీసింది. చీము వంటి స్రావం గాని, పుండ్లు గాని ఉంటే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

ఇవి గాక ఘాటైన సబ్బులు, పరిమళపు పొడులు, యాంటిసెప్టిక్ ద్రావకాలతో కడుక్కోవడం వలన కూడా మంట పుడుతుంది. వారాల తరబడి బాధ ఉండి, మూత్రంలో చీముకణాలు కనిపిస్తూ, కల్చర్ పరీక్షలో ఏ సూక్ష్మజీవీ దొరకకపోతే మూత్రమార్గపు క్షయను కూడా అనుమానించాలి.

మంట ఎప్పుడు కలుగుతున్నదో గమనించండి. మూత్రం మొదలయ్యేటప్పుడే మంట ఉంటే దోషం సాధారణంగా మూత్రనాళంలో ఉంటుంది. ముగిసేటప్పుడు పొత్తికడుపులో పోటు వస్తే మూత్రాశయంలో ఉంటుంది. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు చురుక్కుమంటే యోని ప్రాంతంలోనో, పై చర్మంలోనో ఉంటుంది. ఈ ఒక్క వివరం చెప్పగలిగితే వైద్యునికి సగం దారి కనిపిస్తుంది.

ఇంట్లో ఏమి చేయవచ్చు?

ఆరోగ్యవంతులైన, గర్భవతులు కాని వయోజన స్త్రీలకు, జ్వరం లేకుండా, మంట అప్పుడే మొదలై ఉంటే ఒకటి రెండు రోజులు ఈ క్రింది ఉపచారాలు చేసి చూడవచ్చు. ఇవి బాధను తగ్గిస్తాయి, మూత్రాన్ని పలుచబరుస్తాయి. స్థిరపడిన ఇన్‌ఫెక్షన్‌ను నిర్మూలిస్తాయని మాత్రం నమ్మరాదు.

నీరు: రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల నీరు కొద్దికొద్దిగా తాగాలి. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నీరు తక్కువగా తాగే అలవాటు ఉండి మాటిమాటికి మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలను ఒక సంవత్సరం పాటు పరిశీలించారు. రోజుకు అదనంగా లీటరున్నర నీరు తాగినవారిలో ఈ బాధ దాదాపు సగానికి తగ్గింది. పైసా ఖర్చు లేని ఔషధం ఇది.

బార్లీ నీరు: రెండు చెంచాల బార్లీ గింజలను కడిగి, లీటరు నీటిలో మెత్తబడేవరకు ఉడికించి వడకట్టాలి. చల్లారిన తరువాత రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి.

ధనియాల హిమం: 10 గ్రాముల ధనియాలను నలగగొట్టి, వాటికి ఆరు రెట్లు, అనగా 60 మిల్లీలీటర్ల నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి వడకట్టి తాగాలి. పిత్తాన్ని శమింపజేసే పానీయంగా ఇది ప్రసిద్ధం. పటికబెల్లం కలుపుకోవచ్చు, మధుమేహం ఉన్నవారు కలుపరాదు.

పల్లేరు కషాయం: సంస్కృతంలో గోక్షురం అనబడే పల్లేరు మూత్రవ్యాధులకు ఆయుర్వేదంలో ముఖ్యమైన మూలిక. 10 గ్రాముల కచ్చాపచ్చా పొడిని రెండు గ్లాసుల నీటిలో వేసి, అర గ్లాసు మిగిలేవరకు కాచి వడకట్టి తీసుకుంటారు. గర్భిణులు, రక్తపోటుకు గాని మధుమేహానికి గాని మందులు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు.

పలుచని మజ్జిగ, సబ్జా గింజల నీరు, లేత కొబ్బరి నీరు, బూడిద గుమ్మడి, సొర, బీర వంటి కూరలు పథ్యం. కారం, పచ్చళ్ళు, కాఫీ, మద్యం బాధ తగ్గేవరకు మానాలి. గోరువెచ్చని నీటి సంచిని పొత్తికడుపుపై ఉంచుకుంటే పోటు తగ్గుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. గుండె బలహీనత గాని, మూత్రపిండాల వ్యాధి గాని ఉన్నవారికి వైద్యులు నీటిని పరిమితం చేసి ఉంటారు. వారు "ఎక్కువ నీరు" అనే సలహాను పాటించరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి కొబ్బరి నీటిలోని పొటాషియం ప్రమాదం కలిగించవచ్చు. రెండవది, ఎవరో చెప్పారని భస్మాలు, పేరు తెలియని పొట్లాల మందులు తెచ్చి వాడవద్దు.

ఇంటి వైద్యం ఎప్పుడు ఆపాలి?

క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా బార్లీ నీరు పక్కన పెట్టి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

1. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే అదే రోజు వెళ్ళాలి. ఇవి మూత్రపిండానికి ఇన్‌ఫెక్షన్ చేరిందనడానికి గుర్తులు.

2. మూత్రం వెళ్ళాలనిపించినా బొత్తిగా రాక పొత్తికడుపు ఉబ్బుతూ ఉంటే అది అత్యవసర స్థితి. రాత్రి అయినా ఆగరాదు.

3. మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, పరీక్ష తప్పదు. నొప్పి లేని రక్తస్రావం కొన్ని సందర్భాలలో మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు రిఫాంపిసిన్ మందు వాడినా మూత్రం ఎర్రబడుతుంది, ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

4. గర్భిణులకు కొంచెం మంట ఉన్నా వెంటనే చూపించాలి. గర్భిణులలో ఇన్‌ఫెక్షన్ తొందరగా మూత్రపిండానికి పాకుతుంది, నెలలు నిండక ముందే ప్రసవం కావడానికి కారణం కావచ్చు.

5. పసిపిల్లలు మంట అని చెప్పలేరు. కారణం తెలియని జ్వరం, మూత్రం పోసేటప్పుడు ఏడుపు, పాలు తాగకపోవడం ఉంటే మూత్రపరీక్ష చేయించాలి.

6. పురుషులకు మంట వస్తే అది సాధారణం అనుకోరాదు, కారణం వెదకాలి. మగపిల్లలకు గాని, యువకులకు గాని వృషణంలో అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే గంటలలోనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

7. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, రాళ్ళు ఉన్నవారు, మూత్రపు గొట్టం అమర్చినవారు, వ్యాధినిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు మొదటి రోజే వెళ్ళాలి.

8. వృద్ధులు మంట, జ్వరం ఉండి అకస్మాత్తుగా తికమకగా మాట్లాడుతుంటే ఆలస్యం చేయరాదు.

9. ఇంటి ఉపచారాలతో రెండు రోజులలో తగ్గకపోయినా, ఆరు నెలలలో రెండు సార్లు గాని, సంవత్సరంలో మూడు సార్లు గాని తిరిగి వచ్చినా పూర్తి పరీక్షలు అవసరం.

పరీక్ష, మందుల విషయంలో

మూత్రపరీక్షకు మొదటి ధారను వదిలి, మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టి, వీలైనంత త్వరగా, గంటలోపల ప్రయోగశాలకు అందించాలి. ఇంట్లోని ఊరగాయ సీసా పనికిరాదు. కల్చర్ పరీక్ష అవసరమైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే మూత్రం ఇవ్వాలి. దాని ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మందుల దుకాణంలో అడిగి రెండు మాత్రలు తెచ్చుకొని, మంట తగ్గగానే మానివేసే అలవాటు మన ఊళ్ళలో విస్తారంగా ఉంది. దీనివలన సూక్ష్మజీవులు మొండికెత్తి, పూర్వం సులభంగా పనిచేసిన మాత్రలు నేడు చాలామందికి పనిచేయడం లేదు. వైద్యుడు వ్రాసినన్ని రోజులు మందు వాడాలి. పక్కింటివారి చీటీ మనకు పనికిరాదు. అట్లే, గర్భిణులు కానివారికి ఏ బాధా లేకుండా, పరీక్షలో మాత్రం బాక్టీరియా కనిపిస్తే చాలా సందర్భాలలో చికిత్స అవసరం ఉండదు.

మళ్ళీ రాకుండా

మూత్రాన్ని ఆపుకోరాదు. మూడు నాలుగు గంటలకు ఒకసారి వెళ్ళాలి. స్త్రీలు శుభ్రపరచుకునేటప్పుడు ముందు నుంచి వెనుకకు కడుక్కోవాలి. దాంపత్యానంతరం మూత్రవిసర్జన చేయాలి. నూలు లోదుస్తులు వాడాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. చక్కెరను అదుపులో ఉంచుకోవాలి.

ఇందులో మొదటి నియమం చెప్పడం సులభం, పాటించడం కష్టం. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేదని సాయంత్రం దాకా బిగబట్టే ఆడపిల్లలు, దుకాణాలలో నిలబడి పనిచేసే యువతులు, ప్రయాణంలో నీళ్ళు మానే తల్లులు మన ఇళ్ళలోనే ఉన్నారు. బడి నుంచి వచ్చిన పిల్లను "ఏమి తిన్నావు?" అని అడిగినట్లే "నీళ్ళు తాగావా? బయటికి వెళ్ళావా?" అని కూడా అడగండి. బడి పెద్దలతో మరుగుదొడ్ల గురించి మాట్లాడండి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

మా అక్కయ్య ఇప్పుడు ప్రయాణాలకు నీళ్ళ సీసా లేకుండా బయలుదేరదు. బస్సు ఆగిన చోటల్లా నిస్సంకోచంగా దిగుతుంది. నేనూ మారాను. "వేడి చేసింది" అని ఎవరు చెప్పినా, వారు నాకు ఎంత దగ్గరివారైనా, ఆ మూడు ప్రశ్నలూ అడిగిన తరువాతనే బార్లీ నీటి సంగతి చెబుతున్నాను. పాఠకులు కూడా తమ ఇళ్ళలో ఆ మూడు ప్రశ్నలూ అడగాలని నా మనవి.